అమ్మకు పొట్ట కోసే ఆపరేషన్ ఎందుకు చేయించామంటే

కీహోల్ ఆపరేషన్, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసేది, చేయిస్తే క్యాన్సర్ పాకుతుందా అని మీలో ఒకరు అడిగారు. ఏ క్యాన్సరో చెప్పలేదు. గర్భాశయ ముఖద్వారానిదైతే నా మాట ఒకటే: పొట్ట కోసే చేయించండి.

మాది జడ్చర్ల. అమ్మకు తొలిదశలోనే బయటపడింది. హైదరాబాద్‌లో సర్జన్ కోత పెట్టాలన్నారు. నాకు కోపం వచ్చింది. పిత్తాశయంలో రాళ్లకు కెమెరా ఆపరేషన్ చేయించుకున్న పొరుగింటావిడ మూడో రోజుకే వంట మొదలుపెట్టింది. మా అమ్మకే ఇంత కోత ఎందుకు? కొత్త పద్ధతి మీకు రాదా అని ముఖం మీదే అడిగేశాను.

ఆయన నొచ్చుకోలేదు. మేం తీసుకెళ్లిన బాలానగర్ సీతాఫలాల్లోంచి బాగా మాగినదాన్ని తీసి, కింద పట్టుకుని అటూ ఇటూ కదిపారు. కళ్లు విచ్చుకుని గుజ్జు వేళ్లకంటింది. "కెమెరాతో చేసేటప్పుడు గర్భాశయాన్ని కింది నుంచి పరికరంతో ఇలాగే కదుపుతామమ్మా. గడ్డ ఉన్నదీ అక్కడే. అనుమానం దాని మీదే. 2018 దాకా నేనూ కెమెరాతోనే చేశాను" అన్నారు. ఆ ఏడాది 631 మంది స్త్రీలపై జరిపిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. నాలుగున్నరేళ్లకు జబ్బు తిరగబెట్టనివారు కోతతో చేసినవారిలో 96.5 శాతం, కెమెరాతో చేసినవారిలో 86 శాతం. అమ్మ నా చెయ్యి నొక్కి, "కోయనీ బిడ్డా" అంది.

పెద్దపేగు క్యాన్సర్ సంగతి వేరు. రంధ్రాలు పెట్టినచోట గడ్డలు మళ్లీ మొలుస్తున్నాయని 1990లలో భయపడ్డారు కానీ, 872 మందిపై జరిగి 2004లో వెలువడిన పరిశోధనలో జబ్బు తిరగబెట్టడంలో రెండు పద్ధతులకూ తేడా కనిపించలేదు.

నా అసలు బాధ ఇంకొకటి. మా వైపు ఆడవాళ్లకు కడుపునొప్పి అంటే చాలు, గర్భసంచి తీసేస్తున్నారు. ఫైబ్రాయిడ్లు, అంటే క్యాన్సర్ కాని గడ్డలు, ఉన్న సంచిని కెమెరా ఆపరేషన్‌లో లోపలే మరతో ముక్కలు చేసి చిన్న రంధ్రాల్లోంచి లాగితే, అందులో దాగిన క్యాన్సర్ కడుపంతా చిమ్మే ప్రమాదముంది. ఈ ఫైబ్రాయిడ్లకు ఆపరేషన్ చేయించుకునే సుమారు 350 మందిలో ఒకరికి అలాంటిది దాగి ఉండవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014లోనే హెచ్చరించింది. నల్గొండలో మా మేనత్తకు తీసిన సంచిని స్టీలు పళ్లెంలో పెట్టి మాకు చూపించారు. పరీక్షకు పంపారా అని నెల తర్వాత అడిగితే కాగితమే లేదు. పళ్లెం మీ ముందుకు తెచ్చినప్పుడే అడగండి: ఇది బయాప్సీకి వెళ్తుందా, రిపోర్టు ఏ రోజు ఇస్తారు? అమ్మ రిపోర్టు మాత్రం బీరువాలో, పట్టాదారు పాసుపుస్తకం పక్కనే ఉంది.