పాత డిజైర్ ప్రశ్నలు: టర్బో మార్చే ముందు పైపు చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్విఫ్ట్ డిజైర్ గురించే. జవాబుల్లోకి వెళ్లేముందు ఒక మాట. 2008లో వచ్చిన మొదటి డిజైర్, 2012లో పొడవు తగ్గించి నాలుగు మీటర్ల లోపుకు తెచ్చిన రెండో డిజైర్ పేరుకు ఒకటే గానీ, బాడీ, సస్పెన్షన్ సామాన్లు చాలావరకు ఒకదానివి ఇంకొకదానికి పట్టవు. పెట్రోలు ఇంజిన్ కూడా 2010లోనే 1.3 లీటర్ల ఇంజిన్ నుంచి 1.2 లీటర్ల కె-సిరీస్‌కు మారింది. కాబట్టి స్పేర్ పార్ట్స్ షాపులో బండి పేరు చెప్పి ఊరుకోకండి, ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు చూపించండి.

ప్రశ్న: మాది 2011 డిజైర్ డీజిల్. లక్షా అరవై వేల కి.మీ. తిరిగింది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ ఉండటం లేదు, వెనక నల్లపొగ వస్తోంది. షెడ్డులో టర్బో పోయిందన్నారు. మార్పించేయమంటారా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

అప్పుడే వద్దు. నల్లపొగ అంటే లోపలికి వెళ్తున్న డీజిల్‌కు తగినంత గాలి అందడం లేదని అర్థం. ఆ గాలి ఎక్కడ తప్పిపోతోందో వెతకాలి. ఎయిర్ ఫిల్టర్ చూడటం ఐదు నిమిషాల పని, అది ముందు కానివ్వండి. తర్వాత టర్బో (గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే భాగం) నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే భాగం), అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే పైపులు. ఈ 1248 సీసీ ఇంజిన్‌లో పికప్ పోయిందంటే మొదట అనుమానించాల్సింది వీటినే. వేడికీ ఆయిల్ ఆవిరికీ రబ్బరు మెత్తబడి, వంపు తిరిగే చోటో క్లిప్పు కిందో చీలుతుంది. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఆ చీలిక మూసుకునే ఉంటుంది. బరువు మీద 2,000 ఆర్‌పీఎం దాటి బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) ఎక్కగానే నోరు తెరుస్తుంది. అందుకే షెడ్డులో నిలబెట్టి రేజ్ చేస్తే ఏ తప్పూ దొరకదు, ఫ్లైఓవర్ మీద మాత్రం బండి ఏడుస్తుంది.

ఇంజిన్ చల్లారాక పైపు అడుగు భాగం చేత్తో తడమండి. నల్లటి జిడ్డు ఒకేచోట అంటితే లీకు అక్కడే. కంటికి కనబడకపోతే పైపు విప్పి, ఒక చివర బిగించి, అర బార్ మించకుండా గాలి ఎక్కించి సబ్బునీళ్లు రాయమనండి. పైపు లోపల పల్చటి ఆయిల్ పూత ఉండటం మామూలే, దాన్ని చూపించి టర్బో సీలు పోయిందంటే నమ్మకండి. పైపు వంచినప్పుడు ఆయిల్ కారేంతగా నిలిచి ఉంటే అప్పుడు ఆలోచించాలి.

పైపులు బాగుంటే ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) విప్పించండి. అది మసి పట్టి తెరుచుకునే ఉండిపోతే, పొగే తిరిగి ఇంజిన్‌లోకి వెళ్లి మంచి గాలికి చోటు లేకుండా చేస్తుంది. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో తుడవాలి. స్క్రూడ్రైవర్‌తో గీకితే వాల్వ్ కూర్చునే అంచు పాడై మళ్లీ మూసుకోదు. తిరిగి బిగించేటప్పుడు కొత్త గ్యాస్కెట్ వేయాలి. ఈజీఆర్‌కు రేకు అడ్డం పెట్టి మూసేస్తామనే వాళ్లుంటారు. అది పొగ నిబంధనలకు విరుద్ధం, ఒప్పుకోకండి.

ఇవన్నీ అయ్యాక టర్బో. ముందువైపు గాలి పైపు తీసి, చల్లారిన షాఫ్ట్‌ను రెండు వేళ్లతో పట్టుకోండి. పక్కలకు కొద్దిగా ఊగడం సహజం, ఎందుకంటే అది ఆయిల్ పొర మీద తేలుతూ తిరిగే షాఫ్ట్. ముందుకీ వెనక్కీ ఆట తెలుస్తున్నా, రెక్కలు చుట్టూ ఉన్న గోడకు రాసుకున్న గీతలున్నా టర్బో పోయినట్టే. అప్పుడు కూడా టర్బో ఒక్కటే మార్చి వదిలేయకూడదు. దానికి ఆయిల్ తెచ్చే సన్నటి పైపు మడ్డితో పూడుకుని ఉంటుంది. దాన్ని కూడా మార్చి, ఆయిల్, ఫిల్టర్ కొత్తవి వేయకపోతే కొత్త టర్బో కూడా అదే దారి పడుతుంది. ఇంకో సంగతి. మీ 75 హార్స్‌పవర్ ఇంజిన్ టర్బోలో కదిలే వేన్లు (పొగ ధారను మళ్లించే చిన్న రెక్కలు) ఉండవు. "వేన్లు ఇరుక్కున్నాయి, సర్వీసు చేయాలి" అని బిల్లు రాస్తే, ఏ వేన్లో చూపించమని అడగండి.

గాలి వైపు తప్పేమీ లేకపోతే ఇంజెక్టర్లు, అంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మేవి. నాలుగింటి రిటర్న్ పైపులకూ నాలుగు చిన్న సీసాలు తగిలించి, ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు నడపాలి. మిగతా మూడింటి కంటే గబగబా నిండే సీసా ఏదో, ఆ ఇంజెక్టరే అరిగింది. నాలుగూ మార్చే పని లేకుండా ఈ పరీక్ష కాపాడుతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ ప్రెషర్ పైపుల నట్లు మాత్రం ఎవరినీ వదులు చేయనివ్వకండి. లోపల ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, ఆ డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

ప్రశ్న: 2013 డిజైర్ డీజిల్. ఉదయం స్టార్ట్ చేయగానే ముందువైపు గొలుసు గిలకొట్టినట్టు శబ్దం. కాసేపటికి తగ్గుతుంది. టైమింగ్ బెల్టు మార్చాలా?
– ఓ పాఠకుడు, తాడేపల్లిగూడెం

మీ ఇంజిన్‌లో బెల్టు కాదు, టైమింగ్ చైను (క్రాంకునూ, వాల్వులను తెరిచే క్యామ్‌నూ కలిపి తిప్పే గొలుసు) ఉంది. దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోతుంది కాబట్టి ఉదయం ఒకటి రెండు సెకన్లు గలగలమంటే భయపడక్కర్లేదు. ఐదారు సెకన్లు ఆగకపోయినా, వేడెక్కాక ఐడ్లింగ్‌లో మళ్లీ వినబడినా చైను సాగింది లేదా టెన్షనర్ జారిపోతోంది.

డిప్‌స్టిక్ చూడండి. ఈ ఇంజిన్‌కు ఫిల్టర్‌తో కలిపి పట్టే ఆయిల్ మూడు లీటర్ల పైచిలుకే. అర లీటరు తగ్గిందంటే ఆరో వంతు పోయినట్టు. ఆయిల్ మార్చే గడువు 10,000 కి.మీ. లేదా ఏడాది, ఏది ముందైతే అది. "బండి తిరగలేదు కదా" అని రెండేళ్లు వదిలేసిన బళ్లలోనే చైను ఎక్కువగా చెడుతుంది. మసి కలిసిన ఆయిల్ చైను లింకుల మధ్య సానరాయిలా పనిచేస్తుంది. మాన్యువల్లో చెప్పిన గ్రేడు ఆయిల్ పోసి, మంచి ఫిల్టర్ వేసి వారం చూడండి. శబ్దం తగ్గకపోతే ఆలస్యం చేయొద్దు. చైను ఒక పన్ను దాటితే వాల్వులు పిస్టన్లకు తగిలి రాకర్ ఆర్మ్‌లు విరుగుతాయి, హెడ్ దించాల్సి వస్తుంది.

మార్చేటప్పుడు చైను, టెన్షనర్, గైడ్లు, స్ప్రాకెట్, ముందు క్రాంక్ సీలు అన్నీ ఒకేసారి వేయించండి, కూలీ ఒకటే. క్రాంకునూ క్యామ్‌నూ కదలకుండా పట్టే లాకింగ్ టూల్స్ ఉన్నాయా అని ముందే అడగండి. పెయింటుతో గుర్తులు పెట్టి బిగిస్తానంటే వేరే చోటికి వెళ్లండి. క్రాంక్ పుల్లీ బోల్టుది ఎడమ మర. తెలియనివాడు మామూలు దిక్కున విప్పబోయి ఇంకా బిగిస్తాడు, చివరికి తల తెగుతుంది.

ప్రశ్న: 2010 పెట్రోలు డిజైర్. ఎండాకాలం ట్రాఫిక్‌లో టెంపరేచర్ లైటు వెలుగుతోంది. హైవే మీద మామూలే. రేడియేటర్ మార్చమంటున్నారు.
– ఓ పాఠకురాలు, నల్లగొండ

హైవే మీద బాగుండి, నిలబడితే వేడెక్కుతోందంటే ముందు ఫ్యాను చూడాలి. ఇంజిన్ నడుపుతూ ఏసీ వేయండి. ఫ్యాను తిరగకపోతే ఫ్యూజు, రిలే, ఫ్యాను మోటారు అదే వరుసలో చూపించండి. మోటారుకు నేరుగా బ్యాటరీ కరెంటు ఇస్తే తిరుగుతోందా? తప్పు రిలేలోనో వైరింగ్‌లోనో ఉంది. తిరగకపోతే బ్రష్‌లు అరిగాయి.

ఫ్యాను బాగుంటే కూలెంట్. మీ వైపు బోరు నీళ్లలో ఉప్పులెక్కువ. ఎవరైనా ఒక వేసవిలో రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసి ఉంటే సన్నటి గొట్టాల్లో తెల్లటి పెచ్చు కట్టి ఉంటుంది. ఇంజిన్ చల్లబడ్డాక మాత్రమే మూత తీసి లోపల చూడండి. వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. తుప్పు రంగు నీళ్లుంటే మొత్తం దించి, శుభ్రమైన నీటితో కడిగి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయండి. డబ్బా మీద "నేరుగా వాడవచ్చు" అని ఉంటే అందులో ఇక నీళ్లు కలపకూడదు.

థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌కు దారి తెరిచే వాల్వ్) పరీక్షకు గిన్నె, నీళ్లు, పొయ్యి చాలు. దాని మీద అచ్చు వేసిన ఉష్ణోగ్రత దగ్గర తెరుచుకోవాలి. తీసి పారేసి నడపమనే సలహా వినకండి. ఇంజిన్ ఎప్పుడూ చల్లగా నడుస్తూ పెట్రోలు ఎక్కువ తాగుతుంది. రేడియేటర్ మూతలోని రబ్బరు గట్టిపడితే మూత మార్చండి, అది చవకైన వస్తువు. రాత్రంతా చల్లారినా పై పైపు గట్టిగా ఉబ్బి ఉన్నా, ఆయిల్ మూత లోపల మజ్జిగ లాంటి నురుగు కనబడినా హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. అప్పుడు బండి నడపకుండా, లాగించి షెడ్డుకు తీసుకెళ్లండి.

ప్రశ్న: స్పీడు బ్రేకర్ల మీద ముందు నుంచి "టక్ టక్". షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చాను, శబ్దం పోలేదు.
– ఓ పాఠకుడు, కర్నూలు

చిన్న చిన్న గుంతల మీద టకటకమంటే లింక్ రాడ్లు (స్టెబిలైజర్ బార్‌ను సస్పెన్షన్‌కు కలిపే చిన్న కడ్డీలు). నిలబడి స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగ్ ఎగిరినట్టు కొడితే స్ట్రట్ (షాక్, స్ప్రింగ్ కలిసిన భాగం) పై మౌంటు బేరింగు. బ్రేకు నొక్కినప్పుడు ఒక్క "టక్" వస్తే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద బాడీకి కలిపేది) బుష్, అంటే దాని రబ్బరు. బుష్‌లు కొత్తవి వేసినప్పుడు ఆ బోల్టులను బండి జాకీ మీద వేలాడుతుండగా ఆఖరి బిగింపు బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆనాక బిగించాలి. లేకపోతే రబ్బరు మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి కొద్ది నెలల్లో చిరుగుతుంది. మీరు షాక్‌లు మార్చినప్పుడు మౌంట్లు పాతవే పెట్టారేమో బిల్లులో చూసుకోండి.

ప్రశ్న: 2012 పెట్రోలు బండి. సిగ్నల్ దగ్గర వణుకుతోంది, మైలేజీ తగ్గింది. ఈ20 పెట్రోలు (20 శాతం ఇథనాల్ కలిపినది) వల్లేనా?
– ఓ పాఠకురాలు, తెనాలి

మైలేజీ కొంత తగ్గడానికి అది కారణమే. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి దాదాపు మూడో వంతు తక్కువ. వణుకుకు మాత్రం వేరే కారణాలు వెతకండి. ప్లగ్గులు 40,000 కి.మీ. దాటాయా? కొత్తవి కొనేటప్పుడు ఎన్‌జీకే ప్లగ్గు నంబరు చివర 10 ఉంటే గ్యాపు 1.0 మి.మీ. అని, 11 ఉంటే 1.1 అని అర్థం. మాన్యువల్లో ఉన్న నంబరే తీసుకోండి. హెడ్ అల్యూమినియంది, మర చెడితే బాధ మీదే. అందుకని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చేత్తో పూర్తిగా తిప్పి, కూర్చున్నాక కొత్త ప్లగ్గుకు పానాతో అర చుట్టు చాలు. తర్వాత థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే భాగం) తెరిపించి నల్లటి జిడ్డు తుడిపించండి. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ కనెక్టర్లు ఒక్కొక్కటే తీస్తూ చూస్తే, ఏది తీసినప్పుడు వణుకులో తేడా రాదో ఆ సిలిండరే పనిచేయడం లేదు.

బండి పాతది కాబట్టి ఇంధన రబ్బరు పైపులు వంచి చూడండి. పగుళ్లున్నా, జిగటగా ఉన్నా ఇథనాల్‌ను తట్టుకునే పైపు వేయించండి. నెలల తరబడి నిలిపి ఉంచే బండిలో పాత పెట్రోలు వదిలేయకండి, ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది.

ప్రశ్న: బండికి 15 ఏళ్లు నిండుతున్నాయి. ఆర్‌సీ పొడిగింపుకు ముందు ఏం సరిచేయించాలి?
– ఓ పాఠకుడు, హనుమకొండ

గడువు ముగిసేలోపు 60 రోజుల్లో ఫారం 25తో దరఖాస్తు చేయాలి. కారుకు కేంద్రం పెట్టిన రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ 1 నుంచి 5,000 రూపాయలు. గ్రీన్ టాక్స్, ఫిట్‌నెస్ పరీక్ష వేరే. వెళ్లే ముందు హ్యాండ్ బ్రేకు ఎత్తు మీద బండిని ఆపుతోందా, హెడ్‌లైట్ల చూపు సమంగా ఉందా, వైపర్లు, హారన్, సీటు బెల్టులు పనిచేస్తున్నాయా చూడండి. టైరు గాడి 1.6 మి.మీ. కంటే తక్కువ ఉండకూడదు. టైరు పక్కన ఉన్న నాలుగంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. గాడి బాగానే ఉన్నా పక్క గోడ మీద సన్న పగుళ్లుంటే ఆ టైరు మార్చండి. స్టెప్నీదీ అలాగే చూడండి, చాలా పాత డిజైర్లలో అది బండితో వచ్చినదే ఉంటుంది.