నగరంలో టీనేజీ పిల్లలకు ఏ చోటు భద్రంగా, ఏ చోటు భయంగా అనిపిస్తుంది? ఎందుకు?

వాళ్లు ఏరియాలవారీగా కాదు, వేళనుబట్టి లెక్కేస్తారు. స్కూలు వదిలే వేళ కిటకిటలాడే సబ్‌వే (రోడ్డు కింద నుంచి నడిచి దాటే దారి) రాత్రి ఎనిమిదికి వేరే చోటు.

1992లో ఫిషర్, నాసర్ అనే పరిశోధకులు భయాన్ని మూడు అంశాలతో ముడిపెట్టారు: ముందు ఎంత దూరం కనిపిస్తోంది, ఎవరైనా నక్కే మూల ఉందా, తప్పించుకునే దారి ఉందా. సబ్‌వే మలుపులో మూడూ భయం పెంచేవే. దీపం పెడితే సరిపోతుందనుకుంటాం గానీ, కళ్లలో కొట్టే ఒక్క లైటు దాని వెనక చీకటిని ఇంకా చిక్కగా చేస్తుంది. వెలుతురు సమంగా పరుచుకోవాలి, ఎదుటి మనిషి ముఖం ఆనవాలు పట్టేంత.

జనం ఉంటే ధైర్యమే, కానీ ఎలాంటి జనం? బస్టాపులో గుంపుగా నిలబడ్డ మగవాళ్లను చూసి అమ్మాయిలు తరచూ దారి మార్చుకుంటారు. అబ్బాయిలకు ఎక్కువగా తమ ఈడు వేరే గుంపుతోనే పేచీ. అయితే పదిమందిలో అడిగితే ఆ మాట పైకి చెప్పరు.

అందుకే విడివిడిగా, పెద్దలు పక్కన లేకుండా అడగాలి. రోజూ నడిచే దారి మ్యాపును పగటికొకటి, రాత్రికొకటి ఇచ్చి, భయమనిపించే చోట ఎరుపు, భద్రమనిపించే చోట ఆకుపచ్చ రంగు వేయించి, ప్రతి ఎర్ర చుక్కకీ కారణం రాయించాలి.

ఒక్క తిరకాసు: అలవాటైన రోడ్డు దాటే చోటు చాలాసార్లు ఆకుపచ్చగానే వస్తుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 5–29 ఏళ్లవారి మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలే.