నక్కకూ గవేన్‌కూ ఒకటే మాట

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఏ. ఇంగ్లీష్ చదువుతోంది. 'సర్ గవేన్ అండ్ ది గ్రీన్ నైట్' కావ్యంలో మూడు వేటలున్నాయట. గైడులో 'జింక అంటే భయం, అడవిపంది అంటే తెగువ, నక్క అంటే మోసం' అని ఇచ్చారు. అంతేనా మాస్టారూ?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అంతే అని నేనూ పాతికేళ్లు నోట్సు రాయించానమ్మా. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. ఒకరోజు వెనక బెంచీ కుర్రాడు లేచి, "అంత జిత్తులమారి నక్క ఎలా దొరికిపోయింది సార్?" అన్నాడు. నోరు పెగల్లేదు. ఇంటికెళ్లి మళ్లీ చదివాను.

14వ శతాబ్దం చివర్లో పుట్టిన కావ్యం, 2,530 పాదాలు. తల తెగినా చావని ఆకుపచ్చ వీరుడితో పందెం: అతని తల నరికిన గవేన్ (ఆర్థర్ రాజు కొలువులోని యోధుడు), ఏడాది తిరిగాక అతని గొడ్డలి కింద తన మెడ పెట్టాలి. వెళ్తూ దారిలో ఒక కోటలో దిగుతాడు. అక్కడి దొరతో ఒప్పందం: వేటలో దొరకు దక్కింది గవేన్‌కి, ఇంటి దగ్గర గవేన్‌కి దక్కింది దొరకి. దొర వేటకెళ్లగానే దొరసాని గవేన్ గదిలోకి వస్తుంది! ఆడజింకల రోజు ఒక ముద్దు, పంది రోజు రెండు. సాయంత్రం వాటిని దొరకే పెట్టి లెక్క తీర్చేస్తాడు. (క్లాసులో ఇక్కడ నవ్వులు ఆగేవి కావు.) మూడో రోజు మూడు ముద్దులు, పైగా కట్టుకుంటే చావు రాదంటూ ఆకుపచ్చ నడికట్టు. ముద్దులు అప్పజెప్పాడు, నడికట్టు దాచేశాడు.

ఆ రోజే అడవిలో గుంటనక్క కుక్కల్ని ఏమార్చి కంచె దూకింది. చివరికి ఎదురుగా దొర కత్తి దూశాడు. ఆ పదునుకు జడిసి పక్కకు తప్పుకుని వెనక్కి తిరిగింది, నేరుగా కుక్క నోట్లో పడింది. ఇక్కడ కవి వాడిన క్రియ 'షంట్': చటుక్కున తప్పుకోవడం. చివరి భాగంలో గొడ్డలి మెడ మీదకు దిగుతుంటే గవేన్ భుజాలు ముడుచుకుంటాడు. వీరుడు ఎగతాళి చేస్తే, "ఒక్కసారి తప్పుకున్నాను, ఇక తప్పుకోను" అంటాడు. అక్కడా అదే 'షంట్'!

అంటే నక్కను పట్టిచ్చింది మోసం కాదు, బెదురు. ఆకుపచ్చ వీరుడు ఆ దొరే. అతనూ గవేన్‌తో ఇదే అంటాడు: నడికట్టు దాచింది దాని పనితనానికి ఆశపడి కాదు, ప్రాణం మీద తీపితో, అందుకే నిన్ను పెద్దగా తప్పుపట్టను అని. ఆ తప్పుకు మెడ మీద చిన్న గాటుతో సరిపెడతాడు.

గైడు మూసి, ఆ రెండు 'షంట్'లూ ఎక్కడున్నాయో వెతకమనండి మీ అమ్మాయిని.