నడకని బట్టి వాచీ మనిషిని గుర్తుపట్టి లాక్ తీస్తుందా?

ప్రశ్న: నాన్నకి స్మార్ట్‌వాచ్ కొన్నాం, పిన్ కొట్టమంటే విసుక్కుంటున్నారు. ఆయన నడకని బట్టి దానంతటదే లాక్ తీసుకునేలా పెట్టుకోవచ్చా?

ఒక్క నడకనే నమ్ముకుని లాక్ తీసేంత సీన్ ఇంకా లేదండి. బీటెక్ ఫైనలియర్‌లో నేను సరిగ్గా దీని మీదే ప్రాజెక్ట్ చేసి దెబ్బతిన్నా, అందుకే ఇంత ధైర్యంగా చెప్తున్నా.

వాచీలో యాక్సిలరోమీటర్, గైరోస్కోప్ అని రెండు సెన్సర్లుంటాయి కదా, మనం అడుగేసిన ప్రతిసారీ చెయ్యి ఎంత ఊగింది, మణికట్టు ఎటు తిరిగింది అన్నీ అవి పట్టేస్తాయి, మేం సెకనుకి 50 రీడింగులు తీసుకున్నాం. గ్రాఫ్ గీస్తే నిజంగానే ఒక్కొక్కళ్ళది ఒక్కో తీరు. మా రూమ్మేట్ ఒకడు చెప్పులు ఈడ్చుకుంటూ నడుస్తాడు, అందరి గ్రాఫ్‌లో మడమ నేలకి తగిలిన చోట ముల్లులా ఒక గీత లేస్తే వాడిది మొద్దుగా ఉండేది, పేరు చూడకుండానే వీడే అని చెప్పేసేవాళ్ళం. ఐడియా కొత్తదేం కాదు, 2005లోనే ఫిన్లాండ్ పరిశోధకులు 36 మందికి నడుము దగ్గర సెన్సర్ పెట్టి నడిపించి చూశారు, వాళ్ళ పద్ధతుల్లో బాగా పనిచేసినదానికే 7 శాతం తప్పులొచ్చాయి. అంటే బయటివాళ్ళు వందసార్లు ప్రయత్నిస్తే ఏడుసార్లు రానిస్తుంది, సొంత మనిషిని కూడా వందలో ఏడుసార్లు ఆపేస్తుంది. బిల్లులు కట్టడానికి కూడా వాడే వాచీకి అది చాలా ఎక్కువ.

మాకు హాస్టల్ వరండాలో అంతా బ్రహ్మాండంగా వచ్చింది, బయటికెళ్ళాకే తేలిపోయింది. బకెట్ మోస్తూ నడిచినా, వాచీ ఉన్న చేత్తో ఫోన్ పట్టుకుని చూసుకుంటూ నడిచినా ఆ చెయ్యి సరిగ్గా ఊగనే ఊగదు, ఇంక వాచీ ఏం చూసి గుర్తుపడుతుంది. దానికితోడు వైవాకి రెండ్రోజుల ముందు క్రికెట్ ఆడుతూ చీలమండ బెణికించుకున్నా, కుంటుకుంటూ వెళ్ళి డెమో ఇస్తే నేను పెంచిన వాచీయే నన్ను ఎవరో అంది. ఎక్స్‌టర్నల్ సార్ కళ్ళజోడు తీసి "అయితే నాకు మోకాలు నొప్పొచ్చిన రోజు బ్యాంకు మూసుకోవాల్సిందేనా బాబూ" అన్నారు. మార్కులు మాత్రం వేశారులెండి.

ఇంకో తమాషా ఏంటంటే, గుర్తుపట్టాలంటే ముందు ఓ పది అడుగులైనా వెయ్యాలి, బిల్లు కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషి అక్కడే పచార్లు చేస్తాడా? ఆండ్రాయిడ్ ఫోన్లలో 2015లో గూగుల్ ఆన్ బాడీ డిటెక్షన్ అని తెచ్చింది, ఒకసారి లాక్ తీశాక జేబులో కదుల్తున్నంతసేపూ మామూలుగా లాక్ పడదు, కానీ అది ఎవరి జేబో ప్రతిసారీ చెప్పలేమని వాళ్ళ హెల్ప్ పేజీలోనే రాసుకున్నారు.

మీ నాన్నగారికి పనికొచ్చేది వేరే ఉంది. సెట్టింగ్స్‌లో రిస్ట్ డిటెక్షన్ ఆన్ చెయ్యండి, పొద్దున పెట్టుకున్నప్పుడు ఒక్కసారి పిన్ కొడితే చాలు, మళ్ళీ చేతి నుంచి తీసేదాకా అడగదు, తీసిన వెంటనే లాక్ పడిపోతుంది. యాపిల్ వాచీ అయితే ఆ ఒక్కసారి కూడా అక్కర్లేకుండా, చేతికి పెట్టుకుని ఐఫోన్ లాక్ తీస్తే వాచీది కూడా తీసుకునేలా పెట్టొచ్చు. బెల్టు వదులుగా ఉంటే మాత్రం తీసేశారనుకుని మాటిమాటికీ పిన్ అడుగుతుంది, మణికట్టు మీద పచ్చబొట్టు ఉన్నా అదే గొడవ, అప్పుడు రెండో చేతికి పెట్టి చూడండి.