ఆ కిటికీ ఎటు తెరుచుకుంటుంది?

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

చిత్తూరు నుంచి నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. కిటికీ దగ్గర కూర్చున్న ఆ స్త్రీ బాగా కుదిరింది. కానీ పోలీసులు ఆమెను 'వ్యభిచార నేరం' కింద పట్టుకుపోయారని రాశావు చూడు, అక్కడ నా ప్రాణం ఉసూరుమంది.

ఒళ్లు అమ్ముకున్నంత మాత్రాన మన చట్టంలో శిక్ష లేదమ్మా. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం వేశ్యల ఇల్లు నడపడాన్ని, ఆ సంపాదన మీద బతకడాన్ని, బహిరంగంగా విటులను పిలవడాన్ని నేరమంది. ఎనిమిదో సెక్షన్ తీసి చదువు. మాటతో, సైగతో, కిటికీ దగ్గరో బాల్కనీలోనో కావాలని ఒళ్లు కనబడేలా కూర్చోవడంతో పిలిచినా నేరమే. కిటికీ అన్న మాట చట్టంలోనే ఉంది! మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 1986 సవరణ తర్వాత అదే పని మగవాడు చేస్తే ఏడు రోజుల నుంచి మూడు నెలలు. నువ్వేమో రెండు పేజీలు ఆమె కళ్లకే ఇచ్చి, ఆమెను దోషిని చేసే కిటికీని వదిలేశావు.

వీధిలో కనబడే వేశ్య మీద చట్టానికి ఇది పాత కోపం. 1824లోనే ఇంగ్లండు చట్టం వీధుల్లో అసభ్యంగా తిరిగే వేశ్యను శిక్షించింది. అప్పటినుంచీ చట్టం కన్ను వీధి మీదే. మనకు ఏడో సెక్షన్ ఉంది: గుడికి, బడికి, ఆసుపత్రికి 200 మీటర్ల లోపల ఆ వృత్తే నేరం. గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఆ గీత గీసి చూడు, ఏ సందు లోపల పడుతుందో, ఏది బయట మిగులుతుందో. కథ అక్కడుంది.

నీ వయసులో నేను కోర్టు వరండాలో రోజుల తరబడి కూర్చున్నాను. ఒకామె కొంగు ముడి విప్పి, నలిగిన పది రూపాయల నోట్లను మోకాలి మీద సాపు చేసుకుంటూ జరిమానా లెక్కపెట్టింది. ఒక నోటు తక్కువైంది. పక్కనున్న ఇంకొకామె మాట్లాడకుండా తన ముడి విప్పింది. ఆ కథలో సెక్షన్ నంబరు వేశాను. ఒక వారపత్రిక సంపాదకుడు దాన్ని కొట్టేసి, పాఠకులకు కన్నీళ్లు చాలన్నాడు. ఆ కోత నేనింకా క్షమించలేదు. కన్నీళ్లు ఎవరైనా రాస్తారు. ఆమెను ఏ మాట పట్టుకుని బోనెక్కించారో రాసేవాళ్లే తక్కువ.

కలం పేరు గురించి అడిగావు కదా, ఆ సంగతి తర్వాత. ముందు ఆ అరెస్టు ఘట్టం తిరగరాసి పంపు. ఆమె కిటికీ రెక్కలు వీధిలోకి తెరుచుకుంటాయా, పెరట్లోకా? మొదటి వాక్యంలోనే తెలియాలి.