2-21-11: పేరు చెప్పకుండా తేదీ మాత్రమే చెప్పిన ప్రోమో

అడిగిన ప్రశ్న ఇది: రెజ్లర్ తిరిగొచ్చే ముందు వారాల తరబడి వేసే ప్రోమోలు నిజంగా పనిచేస్తాయా? మీకు బాగా గుర్తుండిపోయింది ఏది?

పనిచేస్తాయి. నా మట్టుకు నాకు ఆ అంకెలు కనిపిస్తే చాలు, ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది: 2-21-11.

2011లో రాయల్ రంబుల్ అనే పెద్ద షో అయిపోగానే అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ ఆ వీడియోలు మొదలుపెట్టింది. ఎడారిలాంటి చోట జోరుగా వాన. పాతకాలపు చెక్క ఇల్లు ఒకటి. పొడుగు కోటు వేసుకున్న మనిషి వానలో నడిచొచ్చి, ఇంట్లోకి వెళ్లి నిలబడతాడు. ఎవరో చెప్పరు. చివర్లో తెర మీద నిప్పుతో కాల్చి రాసినట్టు ఆ అంకెలు. అంతే, అయిపోతుంది.

అప్పుడు నేను ఇంజనీరింగ్ హాస్టల్లో ఉన్నాను. మొదటిసారి చూసినప్పుడు మా రూంలో ఎవరికీ ఆ అంకెలు అర్థం కాలేదు. 2వ తారీఖు సరే, 21వ నెల ఎక్కడుంది? అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారని ఒకడు చెప్పాక గోడ మీది క్యాలెండర్ తిప్పి చూశాం. ఫిబ్రవరి 21, సోమవారం. డబ్ల్యూడబ్ల్యూఈ వారం వారం వేసే 'రా' షో వచ్చే రోజు! ఆ గడి చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీశాను. పైవరసలో 19వ తేదీ గడిలో 'వరల్డ్ కప్' అని అప్పటికే ఎవడో రాసి పెట్టాడు. హాస్టల్ మొత్తానికీ ఉన్నది ఒకే టీవీ. ఆ నెలలో రిమోట్ దొరకడమంటే మామూలు విషయం కాదు.

ఆ మూడు వారాలూ మా రూంలో ఒకటే గొడవ. అండర్‌టేకరా, స్టింగా? ఇద్దరూ పొడుగు నల్లకోటు వేసే పేరున్న రెజ్లర్లే. పోటీ కంపెనీ డబ్ల్యూసీడబ్ల్యూ 2001లో మూతపడ్డాక, అందులోని పెద్ద పేర్లలో డబ్ల్యూడబ్ల్యూఈకి రాకుండా మిగిలినవాడు స్టింగ్. ఇన్నాళ్లకు వస్తున్నాడని సగం మంది పట్టు. అండర్‌టేకర్‌నేమో 2010 అక్టోబర్‌లో కేన్ అనే రెజ్లర్ సజీవంగా పాతిపెట్టే మ్యాచ్‌లో ఓడించాడు. ఆ తర్వాత మనిషి కనిపించలేదు. నేను మొదటినుంచీ అండర్‌టేకర్ వైపే. చిన్నప్పుడు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (డబ్ల్యూడబ్ల్యూఈ పాత పేరు) కార్డులు ఆడేటప్పుడు ఆయన కార్డు చేతికొస్తే ఎవరికీ ఇచ్చేవాణ్ని కాదు. ఆయనకు ఏడు ప్రాణాలని మా వీధి పిల్లలందరం నిజంగానే నమ్మాం. అలాంటి మనిషిని మట్టిలో పాతిపెట్టాక వానలో ఒకడు నడిచి వస్తుంటే, ఇంకెవరని అనుకోవాలి?

ప్రోమో చేసే అసలు పని ఇదే అని నాకు అప్పుడే అర్థమైంది. తేదీ వాళ్లు చెప్పారు, పేరు మాత్రం మన నోటితో మనమే చెప్పుకున్నాం. చూసే ప్రతివాడూ తన మనసులో ఉన్న మనిషికి ఆ కోటు తొడిగాడు. 'అండర్‌టేకర్ వస్తున్నాడు, చూడండి' అని మొదటి రోజే చెప్పేసి ఉంటే సంతోషపడేవాళ్లం గానీ, రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని వాదించుకునేవాళ్లం కాదు.

అమెరికాలో సోమవారం రాత్రి అంటే మనకు మంగళవారం పొద్దున. మన టీవీలో వచ్చేలోపు ఎవరైనా చెప్పేస్తారేమోనని ఒకటే టెన్షన్. నెట్ జోలికి వెళ్లలేదు, కాలేజీలో రెజ్లింగ్ చూసేవాళ్ల దగ్గరకే పోలేదు. మొత్తానికి టీవీ ముందు కూర్చున్నాం. మళ్లీ ఆ ఇల్లు, ఆ వాన. తర్వాత ఆయన వచ్చేముందు మోగే ఆ గంట మోగింది. అండర్‌టేకర్! నేను కుర్చీ మీదికి ఎక్కి అరిచాను.

ఆయన రింగులోకి వచ్చి ఇంకా ఒక్క ముక్క మాట్లాడకముందే ఇంకో పెద్ద రెజ్లర్ ట్రిపుల్ హెచ్ వచ్చేటప్పుడు వేసే పాట మొదలైంది. ఆయన కూడా దెబ్బలు తగిలి నెలల తరబడి లేడు. ఆయన కోసం ఏ ప్రోమో వేయలేదు, ఏ తేదీ ఇవ్వలేదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి పైన వేలాడుతున్న రెసిల్‌మేనియా (డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా వేసే అతిపెద్ద షో) బోర్డు వైపు చూశారు. ఇద్దరూ నోరు తెరవలేదు. మ్యాచ్ ఖాయమైపోయిందని హాల్లో ఉన్న అందరికీ తెలిసిపోయింది. చెప్పిన తేదీకి చెప్పినట్టే ఒకర్ని తెచ్చి, ఎవరూ ఊహించని ఇంకొకర్ని పక్కన నిలబెట్టారు. స్టింగ్ కోసం చూసిన మావాడు కూడా అందుకే నిరాశపడలేదు. (స్టింగ్ మార్చి 3న టీఎన్‌ఏ అనే ఇంకో రెజ్లింగ్ కంపెనీ షోలో కనిపించాడు. వాళ్లు ఈ ప్రోమోనే అనుకరిస్తూ 3-3-11 అని వేశారు. డబ్ల్యూడబ్ల్యూఈకి ఆయన వచ్చింది 2014 సర్వైవర్ సిరీస్ షోలో.)

ఎన్ని రోజులు ఊరించాలన్నది కూడా ముఖ్యమే. 2007లో రెజ్లర్ క్రిస్ జెరికో తిరిగి రావడం కోసం 'సేవ్ అస్' అని ఆకుపచ్చ కోడ్ వీడియోలు సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ 19 దాకా వేశారు. ఆలోచన అద్భుతం, ఆధారాలు వెతుక్కోవడం బాగుండేది. కానీ దాదాపు రెండు నెలలు! చివరి వారాలకు ఎవరొస్తారో అందరికీ తెలిసిపోయింది. మూడు వారాలు నాకు సరిగ్గా సరిపోయాయి.

ఈ మధ్యకాలంలో ఆ స్థాయికి వెళ్లింది రెజ్లర్ బ్రే వయట్ ఒక్కడే. 2021లో కంపెనీ తీసేసిన మనిషి కోసం 2022 సెప్టెంబర్‌లో స్టేడియంలో లైట్లు ఆర్పి 'వైట్ రాబిట్' పాట వేశారు. టీవీలో క్యూఆర్ కోడ్‌లు పెట్టారు. అప్పటికి నేను ఉద్యోగంలో ఉన్నాను, పక్కన రూమ్మేట్లు లేరు. అయినా ఫోన్‌తో స్కాన్ చేస్తుంటే ఆ హాస్టల్ గోడా, క్యాలెండరూ గుర్తొచ్చాయి. అక్టోబర్ 8న ఫిలడెల్ఫియాలో ఎక్స్‌ట్రీమ్ రూల్స్ షో చివర్లో తలుపు తెరుచుకుని, లాంతరు పట్టుకుని వచ్చాడు. మాస్క్ తీశాడు. జనం అరుపులకు ఆ స్టేడియం దద్దరిల్లింది. ఏడాది కూడా గడవకుండానే, 2023 ఆగస్టు 24న, 36 ఏళ్లకే చనిపోయాడు. ఆ వీడియో ఇప్పటికీ అప్పుడప్పుడూ పెట్టుకుంటాను. ఆయన లాంతరు ఆర్పబోయే చోట ఆపేస్తాను.