రిఫరీల సంస్థే తప్పు ఒప్పుకుంది, పోయిన పందెం డబ్బు తిరిగొస్తుందా?

ప్రశ్న: నాకు ఫుట్‌బాల్ పిచ్చి. నేనుండే చోట లైసెన్సు ఉన్న కంపెనీల దగ్గర పందెం కాయడం చట్టబద్ధమే. ఈ మధ్య నా జట్టు ఆడుతున్న మ్యాచ్‌కి టికెట్ కొనుక్కుని వెళ్లాను. గెలుస్తుందని పందెం కూడా కాశాను. చివరి నిమిషాల్లో మావాళ్లు కొట్టిన గోల్‌ను ఆఫ్‌సైడ్ అని, అంటే ఆటగాడు నిబంధన ఒప్పుకోనంత ముందుకు వెళ్లి ఉన్నాడని, కొట్టేశారు, మ్యాచ్ 1-1తో డ్రా అయింది. మర్నాడు రిఫరీల సంస్థే అది తప్పుడు నిర్ణయమని ప్రకటించింది. నా పందెం డబ్బు, టికెట్ డబ్బు రిఫరీ నుంచో, లీగ్ నుంచో, బెట్టింగ్ కంపెనీ నుంచో రాబట్టుకోవచ్చా? అదే మ్యాచ్‌లో మా ఫార్వర్డ్ గోల్ కొడతాడని ఇంకో పందెం కాశాను. గెలిచానని ఖాతాలో డబ్బు వేశారు. రెండు రోజుల తర్వాత, ఆ గోల్‌ను అవతలి డిఫెండర్ సెల్ఫ్ గోల్‌గా మార్చారంటూ వెనక్కి తీసుకున్నారు. ఇది న్యాయమేనా? రిఫరీ ఫోన్ నంబర్ ఒక గ్రూపులో దొరికింది. ఒకసారి మాట్లాడి చూడమంటారా?

జవాబు: ముందు చివరి ప్రశ్న సంగతి. ఆ నంబర్‌కు ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టకండి, ఇంకొకరికి పంపకండి. మీరు మర్యాదగానే అడుగుతారేమో, కానీ అదే రోజు అదే నంబర్‌కు వందల మంది ఫోన్ చేస్తుంటారు, వాళ్లలో బెదిరించేవాళ్లూ ఉంటారు. స్వీడన్ రిఫరీ ఆండర్స్ ఫ్రిస్క్ 2005లో ఇలాంటి బెదిరింపుల వల్లే రిఫరీ పని మానేశారు. పోలీసులు కాల్ రికార్డులు తీస్తే అందులో మీ పేరూ ఉంటుంది. ఆధారం లేకుండా 'అమ్ముడుపోయాడు' అని నలుగురిలో రాసినా పరువునష్టం కేసుకు మీరే దారి చూపినట్టు. న్యాయం కోసం వెళ్లాల్సిన మనిషి ముద్దాయిగా మారడం నాకిష్టం లేదు.

ఇక డబ్బు విషయం. మొదటి పందెం డబ్బు రాదు, టికెట్ డబ్బూ రాదు. రెండో పందెం మీద మాత్రం మీ చేతిలో మంచి వాదన ఉండే అవకాశం ఉంది. మీరు దాన్ని ప్రశ్న చివర్లో కలిపేశారు గానీ, ఒక వకీలుగా నాకు పనికొచ్చేది అదే.

'వాళ్లే తప్పు ఒప్పుకున్నారు కదా' అన్నది మీ ధీమా. నిర్లక్ష్యం కింద నష్టపరిహారం అడిగితే కోర్టు తప్పు జరిగిందా అన్న ప్రశ్న దగ్గర మొదలుపెట్టదు. తప్పు చేసిన మనిషికి మీ పట్ల, మీకు జరిగిన ఈ రకం నష్టం విషయంలో, జాగ్రత్తగా ఉండాల్సిన చట్టపరమైన బాధ్యత ఉందా అని ముందు చూస్తుంది. ఆ బాధ్యతే లేకపోతే సంస్థ వందసార్లు క్షమాపణ చెప్పినా కేసు నిలబడదు.

రిఫరీ మీద కేసులు అసలు నిలబడవని కాదు. ఇంగ్లాండ్‌లో ఒక రగ్బీ మ్యాచ్‌లో స్క్రమ్ (రెండు జట్ల ఆటగాళ్లు తలలు వంచి గుంపుగా ఒకరినొకరు నెట్టుకునే ఘట్టం) కూలి, ఒక కుర్రాడి మెడ విరిగింది. రిఫరీ తగినంత జాగ్రత్త తీసుకోలేదని, నష్టానికి ఆయనదే బాధ్యత అని 1996లో అక్కడి అప్పీలు కోర్టు చెప్పింది. అది మైదానంలో ఉన్న ఆటగాడి ఒంటికి తగిలిన దెబ్బ. గ్యాలరీలో కూర్చున్న వాడి జేబుకు తగిలిన దెబ్బను కోర్టులు ఆ లెక్కలో వేయవు.

మీ పరిస్థితికి బాగా దగ్గరగా ఉండేది అమెరికాలోని అయోవా రాష్ట్రంలో తేలిన కేసు, కాకపోతే అది బాస్కెట్‌బాల్‌ది. 1982లో ఆట ఆఖర్న రిఫరీ ఇచ్చిన ఒక ఫౌల్ వల్ల అయోవా యూనివర్సిటీ జట్టు ఓడిపోయింది. ఆ జట్టు గుర్తులున్న వస్తువులు అమ్ముకునే దుకాణం వాళ్లు, రిఫరీ మెడకు ఉరితాడు వేసినట్టు బొమ్మ ఉన్న టీషర్టులు అచ్చేసి అమ్మారు. రిఫరీ వాళ్ల మీద కేసు వేశారు. నీ తప్పుడు నిర్ణయం వల్ల జట్టు ఛాంపియన్ కాలేకపోయింది, మా వ్యాపారం పోయింది, నష్టం కట్టు అని వాళ్లు ఎదురు దావా వేశారు. 1984లో అప్పీలు కోర్టు ఎదురు దావాను కొట్టేసింది. రిఫరీ పని ఆట నియమాలు అమలు చేయడం, ఇతరులకు మార్కెట్ సృష్టించడం కాదన్నది తీర్పు సారాంశం. ఈ దుకాణానికి పరిహారం ఇస్తే వేలాది అభిమానులకు ఎందుకు ఇవ్వకూడదు, అప్పుడు దీనికి అంతెక్కడ అన్న ప్రశ్న కూడా ఆ తీర్పులో ఉంది. మీ దావాకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఫుట్‌బాల్‌లో ఆట నియమాల పుస్తకమే ఈ తలుపు మూసేసింది. ఆటకు సంబంధించిన వాస్తవాల మీద, గోల్ అయిందా లేదా అన్నదానితో సహా, రిఫరీ నిర్ణయమే తుది నిర్ణయమని 5వ నియమం చెబుతుంది. నియమాల ప్రకారం తీసుకున్న నిర్ణయాల వల్ల ఏ వ్యక్తికి, క్లబ్‌కి, కంపెనీకి నష్టం వచ్చినా రిఫరీ బాధ్యుడు కాడని కూడా అదే నియమంలో ఉంది. వీఏఆర్ (వీడియో చూసి రిఫరీకి సాయపడే సహాయక రిఫరీ) వచ్చాక పరిస్థితి మారిందని చాలామంది అనుకుంటారు, మారలేదు. వీఏఆర్ తప్పు చేసినా, చూడాల్సినదాన్ని చూడకపోయినా, పరికరం పనిచేయకపోయినా మ్యాచ్ చెల్లకుండా పోదని ఆ నిబంధనల్లోనే స్పష్టంగా రాశారు. 2023 సెప్టెంబర్ 30న టోటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ డియాస్ కొట్టిన సరైన గోల్‌ను ఆఫ్‌సైడ్ అన్నారు. వీఏఆర్ గదిలో ఉన్నవాళ్లు మైదానంలో గోల్ ఇచ్చారనుకుని 'చెక్ పూర్తయింది' అనేశారు. తప్పు జరిగిందని రిఫరీల సంస్థ ఒప్పుకుంది, ఆ సంభాషణ రికార్డింగ్‌ను కూడా విడుదల చేసింది. అయినా టోటెన్‌హామ్ 2-1 గెలుపు అలాగే ఉండిపోయింది.

మళ్లీ ఆడించిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి, చాలా అరుదు. 2005లో ఉజ్బెకిస్తాన్, బహ్రెయిన్ జట్ల ప్రపంచకప్ అర్హత మ్యాచ్‌లో పెనాల్టీని మళ్లీ కొట్టించాల్సిన చోట రిఫరీ అవతలి జట్టుకు ఫ్రీ కిక్ ఇచ్చారు. అది కంటిచూపు పొరపాటు కాదు, నియమాన్నే తప్పుగా అమలు చేయడం. అందుకే ఫిఫా ఆ ఫలితాన్ని రద్దు చేసింది. ఆఫ్‌సైడ్ గీత తప్పుగా చూడటం ఈ కోవలోకి రాదు. పైగా మ్యాచ్ మళ్లీ ఆడించమని అడిగే హక్కు జట్లకే గాని అభిమానికి ఉండదు.

టికెట్ సంగతికి వస్తే, దాని మీద సరిగ్గా మీలాంటి వాళ్లే అమెరికాలో కోర్టుకెళ్లారు. 2019 జనవరి 20న అమెరికన్ ఫుట్‌బాల్ సెమీఫైనల్ లాంటి మ్యాచ్. స్కోరు 20-20, రెండు నిమిషాల ఆట కూడా మిగల్లేదు. బంతి అందకముందే న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ ఆటగాడిని అవతలి జట్టు రామ్స్ ఆటగాడు గుద్దేశాడు. స్టేడియం మొత్తం చూసింది, రిఫరీలు ఫౌల్ ఇవ్వలేదు. రామ్స్ అదనపు సమయంలో 26-23తో గెలిచి ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కు వెళ్లింది. ఫౌల్ ఇవ్వాల్సిందేనని లీగ్ తర్వాత ఒప్పుకుంది కూడా. కొందరు అభిమానులు లూసియానా కోర్టులో దావా వేశారు. కింది కోర్టు కేసు నడవనిచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. టికెట్ కొన్నవారికి వచ్చేది లోపలికి వెళ్లే హక్కు, కూర్చోవడానికి ఒక సీటు, అంతే అన్నది. అభిమానులకు దక్కింది ఒక్కటే, గొడవ వల్ల లీగ్ ఆ రకం ఫౌల్‌ను రీప్లేలో చూసే వీలు కల్పించింది. అదీ ఒక్క సీజన్‌తో సరి.

ఆ మాటకొస్తే, ప్రత్యర్థి మోసం చేశాడన్నా టికెట్ డబ్బు రాదు. అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు న్యూ ఇంగ్లాండ్ పేట్రియాట్స్ ఎదుటి జట్టు సైగలను దొంగచాటుగా వీడియో తీసిన వ్యవహారంలో ఒక సీజన్ టికెట్‌దారు వేసిన కేసును 2010లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఇదే కారణంతో తోసిపుచ్చింది. మీకు సీటు దొరికింది, మ్యాచ్ చూశారు, ఇంకేమీ బాకీ లేదన్నమాట. అభిమానిగా నాకూ ఇది రుచించదు. వకీలుగా దీన్ని కాదనే వాదన నా దగ్గర లేదు.

బెట్టింగ్ కంపెనీతో మీకున్నది నేరుగా ఒప్పందం కాబట్టి అక్కడ బాధ్యత లేదనే సమస్య రాదు. కానీ ఆ ఒప్పందంలో మీరు దేని మీద డబ్బు పెట్టారో చూడండి. ఏ జట్టు గెలవాల్సిందో దాని మీద కాదు, మ్యాచ్ ముగిసినప్పుడు ప్రకటించే ఫలితం మీద. ఆ ఫలితంలో రిఫరీ పొరపాట్లు కూడా కలిసే ఉంటాయి. ఇంకో కోణం కూడా ఉంది. అదే తప్పు వల్ల డ్రా మీద కాసినవాళ్లకు డబ్బు వచ్చింది. మీకు తిరిగి ఇవ్వాలంటే వాళ్ల దగ్గర వెనక్కి తీసుకోవాలి. ఇంకో వారం రిఫరీ తప్పు మీకు కలిసొస్తే, ఆ గెలిచిన సొమ్ము మీరు తిరిగిస్తారా?

సెయింట్స్ మ్యాచ్ తర్వాత న్యూజెర్సీలో కొన్ని కంపెనీలు ఓడిన పందేలకు డబ్బు వెనక్కి ఇచ్చాయి. అది ప్రచారం కోసం చేసిన పని, హక్కు కాదు. మీ కంపెనీ అలాంటి ఆఫర్ ప్రకటించిందేమో చూసుకోండి. ప్రకటించి ఇవ్వకపోతే అప్పుడు అడగొచ్చు.

ఇదంతా నిజాయితీగా జరిగిన పొరపాటు గురించి. రిఫరీ డబ్బు తీసుకుని ఉంటే కథ వేరు, అది నేరం. జర్మనీ రిఫరీ రాబర్ట్ హోయ్జర్ 2004లో పాడర్‌బోర్న్, హాంబర్గ్ కప్ మ్యాచ్‌లో చిన్న జట్టుకు రెండు పెనాల్టీలిచ్చి, అవతలి ఆటగాడికి రెడ్ కార్డు చూపించారు. 2005లో ఆయనకు 2 ఏళ్ల 5 నెలల జైలు శిక్ష పడింది. ఆ కేసులో మోసపోయిన పక్షం ఎవరో తెలుసా? చట్టం దృష్టిలో బెట్టింగ్ సంస్థలు. ఫలితం ముందే తెలిసినవాళ్లు వాటి దగ్గర పందెం కాశారు కాబట్టి. 2016 నవంబర్‌లో దక్షిణాఫ్రికా, సెనెగల్ మ్యాచ్‌లో బంతి మోకాలికి తగిలితే చేతికి తగిలిందని పెనాల్టీ ఇచ్చిన ఘనా రిఫరీ జోసెఫ్ లాంప్టేను ఫిఫా జీవితకాలం నిషేధించింది. క్రీడా మధ్యవర్తిత్వ కోర్టు కూడా ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్కడ కూడా నేరం పట్టించింది ఒక్క తప్పుడు నిర్ణయం కాదు, ఆ సమయంలో పందేల మార్కెట్లో కనిపించిన అసహజమైన కదలిక. మ్యాచ్‌ను మరుసటి ఏడాది మళ్లీ ఆడించారు. మీ దగ్గర అలాంటి ఆధారం ఉంటే కోర్టుకు కాకుండా ముందు నియంత్రణ సంస్థకు ఇవ్వండి. బ్రిటన్‌లో గ్యాంబ్లింగ్ కమిషన్‌కు అన్యాయంగా జరిగిన పందేన్ని రద్దు చేసే అధికారమే ఉంది. ఆధారం లేదు, అనుమానం మాత్రమే ఉందంటే మొదటి పేరాలో చెప్పింది మరోసారి చదవండి.

ఇప్పుడు మీ రెండో పందెం. మొదటి పందెంలో మీకు అడ్డం వచ్చిన సూత్రమే ఇక్కడ మీ చేతికి ఆయుధంగా రావచ్చు. మ్యాచ్ అయిపోయాక ఎవరేం ఒప్పుకున్నా, ఏ రికార్డు మారినా పందెం ఫలితం మారదని చాలా కంపెనీలు తమ నిబంధనల్లో రాసుకుంటాయి. గోల్ ఎవరిదన్నది మ్యాచ్ తర్వాత లీగ్ కమిటీ మార్చడం మామూలే, అందుకే ఆ వాక్యం పెట్టుకుంటారు. మీ కంపెనీ నిబంధనల్లో ఆ వాక్యం ఉంటే, రెండు రోజుల తర్వాత డబ్బు వెనక్కి తీసుకోవడం ఒప్పంద ఉల్లంఘన. రిఫరీల సంస్థ క్షమాపణను లెక్కలోకి తీసుకోని కంపెనీ, లీగ్ సవరణను మాత్రం తీసుకుంటానంటే ఎలా కుదురుతుంది?

కాకపోతే రెండు చోట్ల జాగ్రత్త. ఫలానా డేటా సంస్థ లేదా లీగ్ వెబ్‌సైట్ చెప్పిందే ప్రమాణం, ఇన్ని గంటల్లోపు సవరణలు చెల్లుతాయి అని కొన్ని కంపెనీలు రాస్తాయి. అప్పుడు గడువు లెక్క చూడాలి. అలాగే ఖాతాలో పొరపాటున పడిన డబ్బు వెనక్కి తీసుకోవచ్చు అనే క్లాజు దాదాపు అందరూ పెడతారు, మీకు జవాబుగా దాన్నే చూపిస్తారు. ఆ క్లాజు కంపెనీ లెక్కల పొరపాటు కోసం. వేసిన రోజున సరిగ్గానే వేసిన డబ్బుకు అది వర్తించదని వాదించండి.

పందెం స్లిప్, డబ్బు వేసినట్టు, తీసినట్టు చూపే ఖాతా వివరాలు, పందెం కాసిన రోజున అమల్లో ఉన్న నిబంధనల ప్రతి ఈరోజే సేవ్ చేసుకోండి. కంపెనీలు నిబంధనలు మారుస్తుంటాయి, పాత ప్రతి తర్వాత దొరకదు. చాట్‌లో గొడవ పడకుండా ఈమెయిల్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఏ నిబంధన ప్రకారం డబ్బు తీశారో నంబర్‌తో సహా చెప్పమని అడగండి. వాళ్ల తుది జవాబు వచ్చాక స్వతంత్ర వివాద పరిష్కార సంస్థకు వెళ్లొచ్చు. బ్రిటన్‌లో పందెం కాసినవారికి అది ఉచితం. అమెరికాలోనైతే ఆ రాష్ట్ర గేమింగ్ నియంత్రణ సంస్థకు ఫిర్యాదు చేయాలి. ఆ ఫిర్యాదులో ఆఫ్‌సైడ్ గోల్ గురించి ఒక్క ముక్క కూడా రాయకండి. రాస్తే చదివేవాళ్లు మీది ఓడిన అభిమాని గోడు అనుకుని పక్కన పెట్టే ప్రమాదం ఉంది.